నేల కింది పనివారు

పరిచయం

మనం నడిచే నేల ఎప్పుడూ ఇట్లాగే ఉన్నదనీ, ఎప్పటికీ ఇట్లాగే ఉంటుందనీ అనుకొంటాం. నిజానికి నేల నిలకడగా పడి ఉండే వస్తువు కాదు. దానిని లోపలి నుంచి తవ్వుతూ, కిందిమట్టిని పైకి మోస్తూ, పైమట్టిని కిందికి దించుతూ ఉండే జీవులు లెక్కలేనన్ని ఉన్నాయి. వానపాము, చెదపురుగు, ఎండ్రకాయ, పందికొక్కు వంటి ప్రాణులు నేలను ఎట్లా మారుస్తున్నాయో, ఆ మార్పు చెన్నై వంటి మహానగరంలో నివసించేవారికి కూడా ఎందుకు ముఖ్యమో ఈ వ్యాసం వివరిస్తుంది.

1. వానపాము సేద్యం

చెన్నై నగరంలో ఏడాదికి దాదాపు 140 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలోనే పడుతుంది. ఆ నెలల్లో ఒక వాన వెలిసిన మరునాటి ఉదయం, మీ బడి ఆవరణలో సిమెంటు వేయని చోట, చెట్టు నీడన నిలబడి నేలను పరిశీలించండి. ఉడికిన సేమియాను చిన్న చిన్న ముద్దలుగా పెట్టినట్లు మట్టి కుప్పలు కనిపిస్తాయి. వాటి పక్కనే పెన్సిలు మొన దూరేటంత రంధ్రాలు ఉంటాయి. ఆ కుప్పలు వానపాములు మింగి విసర్జించిన మట్టి. ఆ రంధ్రాలు వాటి ఇళ్ళకు వాకిళ్ళు.

వానపాముకు కళ్ళు లేవు, చెవులు లేవు, పళ్ళు లేవు, కాళ్ళు లేవు. అయినా అది రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. మట్టిని, అందులో కలిసిన రాలుటాకులను మింగుతూ ముందుకు సాగుతుంది. దాని కడుపులో ఆ మట్టి మెత్తగా నలుగుతుంది. బయటికి వచ్చేటప్పటికి అందులోని సారం మొక్కల వేళ్ళకు సులభంగా అందే రూపానికి మారుతుంది. వానపాము వెళ్ళిన దారి సొరంగంగా మిగిలిపోతుంది. ఆ సొరంగం వేరుకు దారి, గాలికి దారి, అన్నింటికన్నా ముఖ్యంగా వాననీటికి దారి. ఎండాకాలంలో పైమట్టి ఎండిపోతే కొన్ని రకాల వానపాములు లోతుకు దిగి, ఉండగా చుట్టుకొని, తొలకరి కోసం వేచి ఉంటాయి. అందుకే వాన రాగానే ఎక్కడి నుంచి వచ్చాయో అన్నట్లు అవి ప్రత్యక్షమవుతాయి. వానపాము అనే పేరు అట్లా వచ్చిందే.

ఇంత చిన్నదైన జీవి నేలను ఎంతవరకు మార్చగలదు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి చార్లెస్ డార్విన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఎన్నో సంవత్సరాలు వెచ్చించాడు. జీవ పరిణామ సిద్ధాంతం ద్వారా ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆయన రచించిన చివరి శాస్త్రగ్రంథం వానపాముల గురించినదే. అది 1881లో వెలువడింది. అంతకు చాలా ముందు, 1842లో, ఆయన తన ఇంటి దగ్గరి పచ్చిక బయలులో సుద్దముక్కలు చల్లించాడు. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, 29 ఏళ్ళు ఆగాడు. 1871లో అక్కడ కందకం తవ్వించి చూశాడు. ఆ సుద్ద 7 అంగుళాల లోతున తెల్లని గీత వలె కనిపించింది. దానిని ఎవరూ పాతిపెట్టలేదు. వానపాములు కిందిమట్టిని కొద్దికొద్దిగా పైకి తెచ్చి పోస్తూ ఉంటే, పైనున్న సుద్ద దానంతట అదే కిందికి దిగిపోయింది. ఇంగ్లండులో చాలా చోట్ల ఒక ఎకరం నేలలో ఏడాదికి 10 టన్నులకు పైగా పొడిమట్టి వానపాముల కడుపుల గుండా వెళ్ళి వస్తున్నదని ఆయన లెక్కకట్టాడు. మన నీలగిరి కొండల నుంచి కూడా వానపాముల మట్టి కుప్పలను తెప్పించుకొని పరిశీలించాడు.

ఆయన పరిశీలన ఎంత ఓపికతో కూడినదో తెలిపే ముచ్చట ఒకటి ఉంది. వానపాములు శబ్దాన్ని గుర్తిస్తాయా అని తెలుసుకోవడానికి వాటి ఎదుట వాద్యాలు వాయింపజేశాడు. అవి చలించలేదు. తర్వాత వానపాములున్న కుండీలను పియానో మీద పెట్టి మీటగానే, అవి చటుక్కున బొరియల్లోకి దూరిపోయాయి. వాటికి వినికిడి లేదు. నేల అదిరితే మాత్రం తెలుస్తుంది. ఇంత అల్పజీవి అంత పెద్ద పని చేయలేదని కొందరు ఆనాడు ఆక్షేపించారు. చిన్న పని అయినా, లెక్కలేనన్ని ప్రాణులు, లెక్కలేనంత కాలం చేస్తే అది పెద్ద పని అవుతుందని డార్విన్ తన గ్రంథంలో నిరూపించాడు.

మన చెన్నైలోనూ ఈ జీవిని శ్రద్ధగా అధ్యయనం చేసినవారున్నారు. న్యూ కాలేజీలో అధ్యాపకుడిగా పనిచేసిన సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్ ఇక్కడి నేలల్లో సహజంగా బ్రతికే వానపాములతో వంటింటి చెత్తను, రాలుటాకులను ఎరువుగా మార్చే పద్ధతిని రైతులకు, విద్యార్థులకు, గృహిణులకు విరివిగా నేర్పారు. పరాయి దేశపు వానపాముల కోసం ఎదురుచూడనవసరం లేదనీ, మన నేలను ఎరిగిన వానపాములే మన నేలకు మేలైన పనివారనీ ఆయన బోధించారు.

2. పుట్ట కట్టిన దెవరు?

చెన్నై నడిబొడ్డున గిండీ అడవి ఉంది. ఒకప్పుడు గవర్నరుగారి వేట అడవిగా ఉన్న ఈ ప్రదేశంలో కొంత భాగాన్ని 1978లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం దాదాపు 2.7 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అక్కడికి వెళ్ళినవారు కృష్ణజింకలను, చుక్కల దుప్పులను చూసి సంతోషిస్తారు. చెట్ల మొదళ్ళ దగ్గర నిలిచిన ఎర్రమట్టి పుట్టలను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు.

చీమలు పెట్టిన పుట్ట పాములకు నివాసమవుతుందన్న పోలికను మీరు సుమతీ శతకంలో చదివే ఉంటారు. కష్టపడింది ఒకరు, అనుభవించేది మరొకరు అని చెప్పడానికి ఆ పోలిక ఎంతో చక్కనిది. అయితే మనం చూసే పెద్ద పుట్టలను కట్టేది చీమలు కాదు, చెదపురుగులు. చెదపురుగు చూడడానికి తెల్లచీమ వలె ఉన్నా, శాస్త్రజ్ఞుల లెక్కలో అది బొద్దింకకు దగ్గరి చుట్టం. పాముకు మట్టి తవ్వే సాధనమేదీ లేదు. అది ఇతరులు కట్టిన ఇంట్లో చేరుతుంది, అంతే.

చెదపురుగులు నేలలోపలి నుంచి తడిమట్టిని చిన్న చిన్న గుళికలుగా నోట కరచి పైకి తెస్తాయి. తమ ఉమ్మితో తడిపి, ఒకదానిపై ఒకటి పేర్చి, గోడలు కడతాయి. ఎండిన తర్వాత ఆ గోడ గడ్డపారకు కూడా సులభంగా లొంగదు. లోపల అరలు, దారులు, గాలి ఆడే గొట్టాలు ఉంటాయి. కొన్ని అరల్లో అవి ఒక విచిత్రమైన వ్యవసాయం చేస్తాయి. ఎండుటాకులను, కర్రముక్కలను నమిలి తెచ్చి దిబ్బలుగా పోసి, వాటిపై ఒక రకం శిలీంధ్రాన్ని పెంచుతాయి. అది కర్రను మగ్గబెడుతుంది. మగ్గిన దానిని అవి తింటాయి. మంచి వాన పడ్డాక ఆ శిలీంధ్రమే పుట్టను చీల్చుకొని తెల్లని గొడుగు వలె పైకి వస్తుంది. దానినే మనం పుట్టగొడుగు అంటాం. ఆ మాటను పుట్టించిన మన పూర్వులకు పుట్టకూ గొడుగుకూ గల సంబంధం ఎంత బాగా తెలుసో చూడండి.

కాలక్రమంలో చెదలు పుట్టను విడిచి పోతాయి. అప్పుడు పాములు, ఉడుములు, ముంగిసలు వచ్చి చేరుతాయి. ఏటేటా వానలకు పుట్ట కొద్దికొద్దిగా కరిగి చుట్టూ పరచుకొంటుంది. లోతులో ఉండిన మెత్తని బంకమట్టి అట్లా నేల పైపొరలో కలుస్తుంది. పుట్టమన్ను విలువ మనవారికి తెలియనిది కాదు. గోడలకు, అరుగులకు దానిని వాడేవారు. పెళ్ళిళ్ళలో అంకురారోపణకు తెచ్చేవారు. ప్రకృతి వైద్యులు ఇప్పటికీ ఒంటికి పట్టిస్తారు.

పుట్టకూ భూగర్భ జలానికీ సంబంధం ఉందని మన ప్రాచీనులు గమనించారు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళం అనే అధ్యాయాన్ని రచించాడు. దకం అంటే నీరు. ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే, ఎటువైపున, ఎంత లోతున నీరు దొరకవచ్చునో అందులో వివరించాడు. ఈ విషయంపై తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఇ.ఎ.వి. ప్రసాద్ పరిశోధన చేసి 1980లో గ్రంథం ప్రకటించారు. ప్రతి పుట్ట కిందా నీరు ఉంటుందని దీని అర్థం కాదు. చెదపురుగు చర్మం పలుచన. తడి లేనిదే అది బ్రతకలేదు. కనుక అది తడిమట్టిని వెతుక్కొంటూ లోతుకు పోతుంది. దాని దారిని గమనించినవారికి నీటి జాడ దొరికే అవకాశం ఉంది. అంతవరకే మనం గ్రహించవలసింది.

పుట్టను మన దేశంలో పూజ్యంగా కూడా చూశారు. చెన్నైకి ఉత్తరాన ఉన్న తిరువొత్తియూరులో శివుడు పుట్ట రూపంలో వెలిశాడని భక్తుల విశ్వాసం. అక్కడి లింగంపై ఉన్న కవచాన్ని ఏడాదిలో కార్తిక పున్నమి సమయాన మూడు రోజులు మాత్రమే తొలగిస్తారు. అదే ఆలయంలోని త్రిపురసుందరీదేవిపై త్యాగరాజస్వామి తెలుగులో ఐదు కీర్తనలు రచించాడు. నగరానికి దక్షిణాన ఉన్న తిరువాన్మియూరును వాల్మీకి మహర్షి పేరుతో ముడిపెట్టి చెబుతారు. వల్మీకం అంటే పుట్ట అని మీకు తెలుసు కదా! నాగుల చవితినాడు తెలుగువారు పుట్ట దగ్గరికి వెళ్ళి పూజ చేస్తారు. పూజించే వేళనైనా ఆ పుట్టను కట్టిన కూలీలు ఎవరో గుర్తు చేసుకోవడం మంచిది.

ఈ చిన్న పురుగు దేశం రూపునే మార్చగలదు. బ్రెజిల్ దేశపు ఈశాన్య భాగంలో చెదలు తమ సొరంగాలు తవ్వి పారబోసిన మట్టి దిబ్బలు దాదాపు 20 కోట్లు ఉన్నాయని 2018లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఒక్కొక్కటి దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తు. అవి పరచుకొన్న ప్రాంతం బ్రిటన్ దీవి అంత ఉంటుంది. వాటిలో కొన్నింటి వయస్సు దాదాపు 4000 సంవత్సరాలు. ఆ దిబ్బలను ఒక రాజు కట్టించలేదు, ఒక యంత్రం పోయలేదు.

3. ఏటి ఒడ్డున, కడలి ఒడ్డున

సాయంకాలం మెరీనా తీరానికో, బెసెంట్ నగర్ తీరానికో వెళ్ళినప్పుడు, జనం తక్కువగా ఉన్న చోట ఇసుకను చూడండి. గుండ్రని రంధ్రాలు, వాటి ముందు విసిరినట్లు పడి ఉన్న ఇసుక కనిపిస్తాయి. కాసేపు కదలకుండా కూర్చుంటే ఇసుక రంగులోనే ఉన్న ఎండ్రకాయ ఒకటి చేతినిండా ఇసుకతో బయటికి వచ్చి, దానిని దూరంగా విసిరి, మళ్ళీ లోపలికి పరుగెత్తుతుంది. ఎండ్రకాయనే కొన్ని ప్రాంతాల తెలుగువారు పీత అంటారు. ఎండ వేడికి కాలే ఇసుకలో అది తడి తగిలేవరకు తవ్వుకొంటుంది. కొన్ని బొరియలు ఒక మీటరు లోతుకు కూడా పోతాయి. అలలు తెచ్చిన చెత్తను, చచ్చిన చేపలను అది తినివేస్తుంది. తీరాన్ని ఊడ్చే పని, తవ్వే పని రెండూ దానివే.

అడయారు నది సముద్రంలో కలిసే చోట మరొక రకం ఎండ్రకాయలు ఉన్నాయి. వాటిలో మగదానికి ఒక చేయి చిన్నది, ఒక చేయి దేహమంత పెద్దది. ఆటు వేళ నీరు తగ్గగానే వందలకొద్దీ బురదపైకి వచ్చి, బురదలోని ఆహారాన్ని ఏరుకొని తిని, మిగిలిన మట్టిని చిన్న ఉండలుగా వదిలివేస్తాయి. పోటు వేళ బొరియ నోటిని బురదతో మూసుకొని లోపల ఉంటాయి. ఏటి బురద కొద్దిగా తవ్వితే నల్లగా ఉండి, కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. గాలి అందకపోవడమే అందుకు కారణం. ఎండ్రకాయల బొరియలు ఆ నల్లని బురదలోకి గాలిని, కొత్త నీటిని తీసుకొని పోతాయి. అప్పుడే అక్కడ మడ చెట్ల వేళ్ళు హాయిగా పెరుగుతాయి.

4. ప్రపంచానికి పేరిచ్చిన పందికొక్కు

నేల తవ్వే జీవులన్నీ మనకు మేలే చేస్తాయని అనుకోరాదు. పందికొక్కును చూడండి. పంది వలె ముట్టెతో, కాళ్ళతో నేలను పెళ్ళగిస్తుంది కనుక దానికి ఆ పేరు వచ్చిందంటారు. తెలుగువారి ఈ మాటనే ఆంగ్లేయులు విని, తమ నోటికి అనువుగా బాండికూట్ అని పలికారు. తర్వాత ఆస్ట్రేలియా ఖండంలో, పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని సంచి జంతువులకు కూడా అదే పేరు పెట్టారు. ఈనాడు ఆ దేశపు పిల్లలు తమకు తెలియకుండానే ఒక తెలుగు మాటను పలుకుతున్నారు.

పందికొక్కు బొరియ ఒక చిన్న కోట వంటిది. దానికి అనేక ద్వారాలు, పడుకొనే గది, పిల్లలను పెంచే గది, ధాన్యం దాచే గాదెలు ఉంటాయి. ద్వారాలను వదులు మట్టితో మూసి ఉంచుతుంది. కోతల తర్వాత చెంగల్పట్టు, తిరువళ్ళూరు జిల్లాల్లో ఇరుళర్లు అనే గిరిజనులు పొలాల్లో ఎలుకల బొరియలను గుర్తించి, తవ్వి, అందులో దాచిన ధాన్యాన్ని తీసుకొనేవారు. కలుగు ద్వారం దగ్గరి మట్టి తీరును బట్టి లోపల ఎలుక ఉన్నదో లేదో, పాము చేరిందో చెప్పగల నేర్పు వారిది. ఈ నేర్పు ఆధారంగానే 1978లో ఇరుళర్ల పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడింది. పాముకాటు మందు తయారీకి కావలసిన విషాన్ని ఆ సంఘం అందిస్తున్నది.

పందికొక్కు పొలంలో తవ్వితే ధాన్యం నష్టం. చెరువు కట్టలో తవ్వితే ఊరికే నష్టం. కట్ట నిండా నీరున్నప్పుడు ఒక చిన్న కలుగు గుండా నీరు కారడం మొదలవుతుంది. కారే నీరు తనతో కొంత మట్టిని తీసుకొని పోతుంది. కలుగు పెద్దదవుతుంది, ఇంకా ఎక్కువ నీరు పారుతుంది. చివరికి గండి పడుతుంది. అందుకే వానలకు ముందు ఊరివారంతా కలిసి కట్టపై నడిచి, కలుగులు పూడ్చి, మట్టి దిమ్మిస కొట్టే ఆచారం పూర్వం ఉండేది. దానిని తమిళనాట కుడిమరామత్తు అన్నారు. నగరంలోనూ పందికొక్కులు మురికి కాలువల పక్కన, ఇంటి పునాదుల కింద తవ్వి, పైనున్న బండలు కుంగేటట్లు చేస్తాయి. మనం వీధిలో పారవేసే అన్నం, కూరగాయల తుక్కు వాటికి విందు. అవి పెరగడానికి మనమే కారణమని మరువరాదు.

ఒకే పని ఒకచోట మేలు, మరొకచోట కీడు. పొలంలో రంధ్రం నీటిని ఇంకిస్తుంది. కట్టలో రంధ్రం నీటిని పోగొడుతుంది. తప్పు తవ్విన ప్రాణిది కాదు. ఎక్కడ ఏది ఉండాలో ఎరిగి మెలగడం మనిషి బాధ్యత.

5. నేల నోరు మూస్తే

2015 డిసెంబరు మొదటి రోజుల్లో చెన్నై నీట మునిగింది. ఇళ్ళ పైకప్పుల మీద జనం ఆకలితో గడిపారు. నాలుగేళ్ళు తిరగకముందే, 2019 వేసవిలో, అదే నగరంలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపుగా ఎండిపోయాయి. బిందెలు పట్టుకొని జనం లారీల కోసం రాత్రులు మేలుకొన్నారు. ఆ జూలైలో జోలార్‌పేట నుంచి రైలు ట్యాంకుల్లో నీరు తేవలసి వచ్చింది. మునిగిన ఊరే దాహంతో అల్లాడింది.

దీనికి కారణాలు ఎన్నో. అసాధారణమైన వాన ఒకటి, పూడిన చెరువులు ఒకటి, ఆక్రమించిన చిత్తడి నేలలు ఒకటి. వాటితో పాటు మరొక కారణం మన కాళ్ళ కిందనే ఉంది. ఇంటి చుట్టూ సిమెంటు, వీధి అంచువరకు తారు, చెట్టు మొదలు చుట్టూ కూడా కాంక్రీటు పోసి నేల నోరు మూశాం. రాలిన ఆకులను ఊడ్చి తగలబెట్టాం. ఆకు లేనిదే వానపాముకు తిండి లేదు. వానపాము, చీమ, చెదపురుగు, పేడపురుగు లేని నేల గట్టిపడిపోతుంది. గట్టి నేలపై పడిన వాన లోపలికి ఇంకదు. మురికి కాలువ మీదుగా సముద్రంలోకి పోతుంది. వానలో వరద, ఎండలో కరవు, రెండూ కొంతవరకు ఒకే తప్పు ఫలితాలు.

తమిళనాడు ప్రభుత్వం 2003లో ప్రతి భవనంలోనూ వాననీటిని ఇంకించే ఏర్పాటును తప్పనిసరి చేసింది. అది మేలైన చట్టం. ఇంకుడు గుంతలు తవ్వడం ఎంతో అవసరం. అయితే మనం తవ్వే గుంత ఇంటికి ఒకటి. మట్టిని బ్రతకనిస్తే అందులోని ప్రాణులు తవ్వే సన్నని దారులు అడుగడుగునా ఉంటాయి. వాటికి కూలి ఇవ్వనక్కరలేదు. పూడిక తీయనక్కరలేదు. చెట్టు కింద నాలుగు అడుగుల నేలను తెరచి ఉంచి, రాలిన ఆకును అక్కడే ఉండనిస్తే చాలు.

మట్టిలో పుట్టి, మట్టిని తిని, మట్టిని బాగుచేసి, మట్టిలోనే కలిసిపోయే ఈ పనివారు మన మెప్పును కోరరు. మనం వారి దారికి అడ్డు పడకుండా ఉంటే అదే పదివేలు. రేపు బడికి వెళ్ళేటప్పుడు దారిలో ఒక చిన్న మట్టి కుప్ప కనిపిస్తే, దానిని తొక్కకుండా పక్కకు జరిగి నడవండి. ఈ నగరం తాగే నీటికి అక్కడ ఒక దారి తెరచి ఉంది.

అభ్యాసం

అ. పదాలు – అర్థాలు

అల్పజీవి = చిన్న ప్రాణి
ఆక్షేపించు = తప్పుపట్టు
శిలీంధ్రం = బూజు, పుట్టగొడుగు జాతికి చెందినది
వల్మీకం = పుట్ట
ఆటు = సముద్రపు నీరు వెనుకకు తగ్గడం
పోటు = సముద్రపు నీరు పైకి పొంగడం
గాదె = ధాన్యం నిల్వచేసే చోటు
గండి = కట్ట తెగిన చోటు
దిమ్మిస కొట్టు = మట్టిని మోది గట్టిపరచు

ఆ. ఒకటి రెండు వాక్యాలలో జవాబులు వ్రాయండి.

1. డార్విన్ చల్లించిన సుద్దముక్కలు 7 అంగుళాల లోతుకు ఎట్లా చేరాయి?
2. పుట్టగొడుగు అనే పేరు ఎందుకు వచ్చింది?
3. దకార్గళం దేనిని గురించి తెలుపుతుంది?
4. ఏటి బురద నల్లగా ఉండడానికి కారణమేమి?
5. మన భాష నుంచి ఆంగ్లంలోకి వెళ్ళిన జంతువు పేరు ఏది?

ఇ. పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.

1. “ఒకే పని ఒకచోట మేలు, మరొకచోట కీడు.” ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
2. 2015లో మునిగిన నగరం 2019లో నీటికి అల్లాడడానికి నేలకు గల సంబంధాన్ని వివరించండి.

ఈ. భాషాంశాలు

1. విడదీసి సంధి పేరు వ్రాయండి: దకార్గళం, చిన్నదైన, మేలైన, రాలుటాకులు.
2. విగ్రహవాక్యం వ్రాయండి: మట్టికుప్ప, చెరువుకట్ట, వాననీరు, అల్పజీవి.
3. సొంత వాక్యాలలో ప్రయోగించండి: అదే పదివేలు, నడిబొడ్డు, అడుగడుగునా.

ఉ. చేసి చూడండి

అడుగు తీసిన రెండు డబ్బాలు తీసుకోండి. ఒకదానిని నలుగురూ నడిచి గట్టిపడిన నేలలోను, మరొకదానిని ఆకులు రాలే చెట్టు కింది మెత్తని నేలలోను రెండు అంగుళాల లోతుకు గుచ్చండి. రెండింటిలోను ఒక్కొక్క చెంబు నీరు పోయండి. నీరు పూర్తిగా ఇంకడానికి ఎక్కడ ఎన్ని నిమిషాలు పట్టిందో వ్రాసుకోండి. తేడాకు కారణమేమిటో తరగతిలో చర్చించండి.